రసాయన సమీకరణం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఒక రాగి ముక్క, పరీక్షనాళికలో కొంచెం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో సమీకరణం రాయమంటే చాలామంది పిల్లలు తడుముకోకుండా ఇలా రాసేస్తారు:

కాపర్ + 2 హైడ్రోక్లోరిక్ ఆమ్లం → కాపర్ క్లోరైడ్ + హైడ్రోజన్

లెక్క చూడండి. ఎడమవైపు ఒక కాపర్, రెండు హైడ్రోజన్లు, రెండు క్లోరిన్లు. కుడివైపూ అంతే. అంకెల్లో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కానీ నిజంగా రాగి ముక్కను ఆ ఆమ్లంలో వేసి చూస్తే ఒక్క బుడగ కూడా రాదు. రాగి రాగిలాగే ఉంటుంది, ఆమ్లం ఆమ్లంలాగే ఉంటుంది.

అన్ని అంకెలూ సరిపోయిన సమీకరణం తప్పెలా అయింది? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగితే, స్కూల్లో కెమిస్ట్రీ అంటే టెన్షన్ పడే పిల్లల సందేహాలు చాలావాటికి దారి దొరుకుతుంది. రసాయన సమీకరణం పరమాణువుల జమాఖర్చు పుస్తకం. ఏవి చర్యలోకి వెళ్ళాయి, ఏవి బయటికి వచ్చాయి, ఎన్నెన్ని అన్నంతవరకే దాని పని. అసలు ఆ చర్య జరుగుతుందా లేదా, జరిగితే ఎంత వేగంగా, ఏ దారిలో జరుగుతుంది అన్న సంగతులు అందులో ఉండవు. అందులో లేనివాటిని అందులో వెతకడం వల్ల కొంత గందరగోళం వస్తుంది. ఉన్నదాన్ని సరిగ్గా చదవకపోవడం వల్ల మిగతాది వస్తుంది. రెండూ పిల్లల తప్పు కాదు. సమీకరణాన్ని ఎలా చదవాలో చెప్పకుండానే ఎలా రాయాలో నేర్పించేస్తున్నాం.

అసలు తుల్యం ఎందుకు చేయాలి?

పరమాణువులు చర్యలో కొత్తగా పుట్టవు, మాయమూ కావు, చోటు మాత్రం మారతాయి. అందుకే రెండు వైపులా లెక్క సరిపోవాలి. ఈ జవాబు అందరికీ కంఠస్థమే. నమ్మకం కుదరడమే కష్టం, ఎందుకంటే కంటికి కనిపించేది దీనికి విరుద్ధంగా ఉంటుంది. కొవ్వొత్తి వెలిగిస్తే తరిగిపోతుంది. మెగ్నీషియం తీగను కాలిస్తే మిగిలిన తెల్లటి బూడిద, మొదటి తీగకన్నా ఎక్కువ బరువు తూగుతుంది. ఒకచోట బరువు తగ్గింది, ఇంకోచోట పెరిగింది. మరి ద్రవ్యం నిత్యం ఎలా అయింది?

ఫ్రాన్స్‌కు చెందిన ఆంట్వాన్ లెవోయిజర్ దీన్ని తేల్చింది పాత్ర మూత మూసి. 1774లో ఆయన తగరాన్ని గట్టిగా మూసిన గాజు పాత్రలో వేడి చేశాడు. తగరం పైన బూడిద లాంటి పొర ఏర్పడింది, కానీ పాత్ర మొత్తం బరువు మారలేదు. మూత తెరవగానే గాలి లోపలికి దూసుకెళ్ళింది, అప్పుడు బరువు పెరిగింది. అంటే తగరం లోపలి గాలిలో కొంత భాగాన్ని తనలో కలుపుకుంది. ఆ ఖాళీని నింపడానికే బయటి గాలి వెళ్ళింది. చర్యకు ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యం ఒకటే అని 1789లో వచ్చిన తన పాఠ్యగ్రంథంలో ఆయన దీన్ని నియమంగా చెప్పాడు.

కొవ్వొత్తి కూడా మాయం కాలేదు, నీటి ఆవిరిగా, కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసింది. మెగ్నీషియం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంది. 24 గ్రాముల మెగ్నీషియం 16 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 40 గ్రాముల మెగ్నీషియం ఆక్సైడ్ అవుతుంది. వాయువులను లెక్కలో వదిలేస్తే ద్రవ్యనిత్యత్వ నియమం ఎప్పుడూ తప్పినట్టే కనిపిస్తుంది. సమీకరణంలో వాయువు పక్కన పైకి బాణం గుర్తు వేసే అలవాటు ఉంది కదా. తప్పించుకుని పోయేదాన్ని కూడా లెక్కలో ఉంచమని అది గుర్తు చేస్తుంది.

కింది చిన్న అంకెను మార్చితే ఏమవుతుంది?

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు అవుతాయి. ఎడమవైపు ఆక్సిజన్ పరమాణువులు రెండు, కుడివైపు హెచ్₂ఓలో ఒకటే. లెక్క కుదరడం లేదు. అప్పుడు చాలామందికి తట్టే సులువైన ఉపాయం, ఓ పక్కన కింద ఒక చిన్న 2 పెట్టేయడం. హెచ్₂ఓ₂. లెక్క కుదిరింది!

లెక్క కుదిరింది కానీ పదార్థం మారిపోయింది. హెచ్₂ఓ₂ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. గాఢంగా ఉంటే చర్మాన్ని కాల్చేస్తుంది, రంగులను పోగొడుతుంది. కింద ఉండే అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది. అది ప్రకృతి నిర్ణయించింది, దాన్ని ముట్టుకునే హక్కు మనకు లేదు. ముందు రాసే అంకె ఆ పదార్థం ఎంతుందో చెబుతుంది. మనం మార్చగలిగింది అదొక్కటే. కాబట్టి నీటి ముందు 2 రాస్తాం, అప్పుడు హైడ్రోజన్లు నాలుగయ్యాయి కనుక ఎడమవైపు హైడ్రోజన్ ముందు కూడా 2 రాస్తాం:

2 హెచ్₂ + ఓ₂ → 2 హెచ్₂ఓ

ఆక్సిజన్‌ను జంటగానే ఎందుకు రాయాలి?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. దీనికి 'అది ద్విపరమాణుక అణువు (రెండు పరమాణువులు కలిసి ఒకటిగా ఉండే కణం), గుర్తుపెట్టుకో' అన్న జవాబు చెప్పి ముందుకు వెళ్ళిపోవడం అన్యాయం అనిపిస్తుంది. ఎందుకంటే ఈ ఒక్క విషయం తేల్చుకోవడానికి శాస్త్రవేత్తలకు దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. తేల్చిన తర్కం మాత్రం ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యేంత చిన్నది.

జాన్ డాల్టన్ పరమాణు సిద్ధాంతం చెప్పినప్పుడు, నీరంటే ఒక హైడ్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసిందే అనుకున్నాడు. వేరే ఆధారం లేనప్పుడు అతి సరళంగా ఉన్నదాన్నే తీసుకోవాలన్నది ఆయన పద్ధతి. 1808లో గే-లుసాక్ వాయువుల ఘనపరిమాణాల లెక్కలు ప్రకటించాడు. రెండు లీటర్ల హైడ్రోజన్ ఒక లీటరు ఆక్సిజన్‌తో కలిస్తే, అదే ఉష్ణోగ్రత, అదే పీడనం దగ్గర కొలిచినప్పుడు, రెండు లీటర్ల నీటి ఆవిరి వస్తుంది.

1811లో అమెడియో అవగాడ్రో ఒక ఊహ చేశాడు: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర ఒక లీటరు ఏ వాయువు తీసుకున్నా అందులో ఉండే అణువుల సంఖ్య ఒకటే. ఇప్పుడు పై లెక్కను ఈ కళ్ళతో చూడండి. ఒక లీటరు ఆక్సిజన్‌లో వంద అణువులున్నాయనుకుందాం. రెండు లీటర్ల ఆవిరి వచ్చింది కాబట్టి అందులో రెండు వందల నీటి అణువులుండాలి. ప్రతి నీటి అణువులోనూ ఆక్సిజన్ ఉండి తీరాలి. వంద ఆక్సిజన్ అణువులు రెండు వందల నీటి అణువులకు సరిపోయాయంటే, ఒక్కో ఆక్సిజన్ అణువు రెండుగా విడిపోయి ఉండాలి. పరమాణువు సగానికి చీలదు. కాబట్టి ఆక్సిజన్ అణువులోనే రెండు పరమాణువులున్నాయి.

హైడ్రోజన్ సంగతి? ఒక లీటరు హైడ్రోజన్, ఒక లీటరు క్లోరిన్ కలిస్తే రెండు లీటర్ల హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అదే తర్కం పెడితే హైడ్రోజన్, క్లోరిన్ కూడా జంటలే అని తేలుతుంది. ఇక నీటి దగ్గరికి మళ్ళీ రండి. రెండు వందల హైడ్రోజన్ జంటలు, అంటే నాలుగు వందల పరమాణువులు, రెండు వందల నీటి అణువుల్లో పంచుకున్నాయి. ఒక్కో దానికి రెండు. నీటి ఫార్ములాలో ఆ చిన్న 2 వచ్చింది ఇక్కడినుంచే. ఎవరూ సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టలేదు. లీటర్లు కొలిచి కనుక్కున్నారు.

అయినా ఆ కాలంలో ఈ మాట చెవికెక్కలేదు. ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలేవని డాల్టన్ నమ్మాడు, బెర్జీలియస్ కూడా నమ్మాడు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో స్టానిస్లావో కనిజారో అవగాడ్రో వాదాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాడు. అప్పటికి అవగాడ్రో చనిపోయి నాలుగేళ్ళయింది.

హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అనే ఈ ఏడూ మూలకాలుగా ఉన్నప్పుడు జంటగా రాయాలి. సమ్మేళనంలో ఉన్నప్పుడు ఆ నియమం వర్తించదు. నీటిలో ఆక్సిజన్ ఒంటరిగానే ఉంటుంది కదా. గంధకం అణువులో ఎనిమిది పరమాణువులున్నా స్కూలు పుస్తకాల్లో ఒకటిగానే రాస్తాం, అది సౌలభ్యం కోసం. లోహాల్లో విడి అణువులంటూ ఉండవు కాబట్టి వాటికి గుర్తు ఒక్కటే చాలు.

తుల్యం చేసే పద్ధతి

దీనికి సూత్రం కన్నా వరుస ముఖ్యం. ఈథేన్ వాయువు మండే చర్య తీసుకుందాం. ఈథేన్ అణువులో రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు. అది ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు ఇస్తుంది. కార్బన్‌తో మొదలుపెట్టండి: రెండు కార్బన్లకు రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు. తర్వాత హైడ్రోజన్: ఆరింటికి మూడు నీటి అణువులు. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్లు నాలుగు, మూడు, మొత్తం ఏడు. అవి జంటలుగా వస్తాయి కాబట్టి మూడున్నర అణువులు కావాలి. సగం అణువు రాయకూడదనుకుంటే మొత్తాన్ని రెట్టింపు చేయండి:

2 ఈథేన్ + 7 ఆక్సిజన్ → 4 కార్బన్ డయాక్సైడ్ + 6 నీరు

ఆక్సిజన్‌ను చివరికి ఎందుకు వదిలేశాం? కుడివైపు ఆక్సిజన్ రెండు పదార్థాల్లో ఉంది. ఎడమవైపు అది ఒంటరిగా, మూలకంగా ఉంది. దాని ముందు అంకె మార్చితే ఇంకే మూలకం లెక్కా చెదరదు. కార్బన్ కోసం ఈథేన్ ముందు అంకె మార్చితే హైడ్రోజన్ కూడా కదులుతుంది. అందుకే కదిలిస్తే అన్నీ కదిలేవాటిని ముందు సర్దాలి, ఒంటరిగా ఉన్నదాన్ని చివరికి ఉంచుకోవాలి. 'ముందు లోహాలు, తర్వాత అలోహాలు, చివరికి హైడ్రోజన్, ఆక్సిజన్' అని పిల్లలు బట్టీ పట్టే వరుస వెనక ఉన్న కారణం ఇదే. కారణం తెలిస్తే వరుస మరచిపోయినా ఫర్వాలేదు.

ఇంకో చిన్న ఉపాయం. సల్ఫేట్, నైట్రేట్, హైడ్రాక్సైడ్ లాంటి గుంపులు చర్యకు ముందూ తర్వాతా విడిపోకుండా ఉంటే వాటిని ఒకే మూటగా లెక్కపెట్టండి. అల్యూమినియం సల్ఫేట్‌లో రెండు అల్యూమినియంలు, మూడు సల్ఫేట్ మూటలు. దానికి కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపితే ఒకటి, మూడు, రెండు, మూడు అని అంకెలు రెండు నిమిషాల్లో కుదురుతాయి. ఆక్సిజన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే అరగంటైనా చిక్కు వీడదు.

ఒకటి, రెండు కలిస్తే మూడు కావాలి కదా?

రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ కలిస్తే మూడు రావాలి, రెండే నీళ్ళు ఎలా వచ్చాయని అడిగే పిల్లలను మెచ్చుకోవాలి. వాళ్ళు సమీకరణాన్ని నిజంగా చదువుతున్నారు. జవాబు ఏమిటంటే, నిలకడగా ఉండేది పరమాణువుల సంఖ్య. అణువుల సంఖ్య పెరగొచ్చు, తగ్గొచ్చు. ఇటుకలు అన్నే ఉంటాయి, వాటితో కట్టిన గోడల సంఖ్య మారుతుంది.

దీని పక్కనే ఇంకో పొరపాటు పొంచి ఉంటుంది. ముందున్న అంకెలను గ్రాములుగా చదవడం. 2 గ్రాముల హైడ్రోజన్‌కు 1 గ్రాము ఆక్సిజన్ అనుకుంటే లెక్క అంతా పాడవుతుంది. ఆ అంకెలు అణువుల నిష్పత్తి, అంటే మోల్‌ల నిష్పత్తి. మోల్ అంటే డజను లాంటి ఒక లెక్క, కాకపోతే చాలా పెద్దది: 6.02214076 × 10²³. 2019 నుంచి ఈ సంఖ్యను కొలతతో పని లేకుండా కచ్చితమైన విలువగా స్థిరపరిచారు. రెండు మోల్‌ల హైడ్రోజన్ 4 గ్రాములు, ఒక మోల్ ఆక్సిజన్ 32 గ్రాములు, వచ్చే నీరు 36 గ్రాములు. ఇప్పుడు బరువులు కూడా సరిపోయాయి.

10 గ్రాముల హైడ్రోజన్, 10 గ్రాముల ఆక్సిజన్ ఇస్తే 20 గ్రాముల నీరు వస్తుందా? రాదు. నిష్పత్తి 4కు 32, అంటే 1కి 8. పది గ్రాముల ఆక్సిజన్‌కు 1.25 గ్రాముల హైడ్రోజన్ చాలు. నీరు 11.25 గ్రాములు వస్తుంది, 8.75 గ్రాముల హైడ్రోజన్ చేతులు ముడుచుకుని మిగిలిపోతుంది. మొత్తం కూడితే మళ్ళీ 20. ముందుగా అయిపోయే పదార్థమే ఎంత ఉత్పత్తి రావాలో నిర్ణయిస్తుంది. ఈ తరహా లెక్కల్లో మార్కులు పోయేది సాధారణంగా కూడికల దగ్గర కాదు, ఏది ముందు అయిపోతుందని అడగడం మరచిపోవడం దగ్గర.

ఏం వస్తుందో ముందే ఎలా తెలుస్తుంది?

మొదట్లో వదిలేసిన రాగి దగ్గరికి వద్దాం. ఏ చర్యలో ఏం వస్తుందో సమీకరణం నుంచి తెలియదు. ప్రయోగం చేసి తెలుసుకున్నదాన్నే సమీకరణంగా రాస్తాం. అయితే ప్రతిసారీ ప్రయోగం చేయక్కర్లేకుండా, చేసినవాటిలో కనిపించిన క్రమాలను నియమాలుగా కూర్చారు. అలాంటిదే లోహాల చర్యాశీలత శ్రేణి: పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్, ఇనుము, సీసం, ఆ తర్వాత హైడ్రోజన్, దాని కింద రాగి, పాదరసం, వెండి, బంగారం. పైనున్నది కిందున్నదాన్ని దాని లవణం నుంచి వెళ్ళగొట్టగలదు, కిందున్నది పైదాన్ని కదిలించలేదు. రాగి హైడ్రోజన్ కన్నా కింద ఉంది. అందుకే ఆమ్లంలోంచి హైడ్రోజన్‌ను బయటికి పంపలేకపోయింది. జింక్ ముక్క వేసి ఉంటే బుడగలు వచ్చేవి. నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేస్తే నీలం తగ్గుతూ, మేకు మీద ఎర్రటి రాగి పొర పడుతుంది. అది కూడా ఈ వరుస చెప్పినట్టే.

అల్యూమినియం దగ్గర ఈ వరుస కొంచెం తడబడుతున్నట్టు కనిపిస్తుంది. జింక్ కన్నా పైన ఉన్నా ఆమ్లంలో వేయగానే చర్య చురుగ్గా మొదలుకాదు. దాని ఉపరితలం మీద ఎప్పుడూ ఉండే పలుచటి ఆక్సైడ్ పొరే కారణం. ఆ పొర కరిగాక తన అసలు చురుకు చూపిస్తుంది.

మరి రాగి నైట్రిక్ ఆమ్లంతో చర్య జరుపుతుంది కదా, అదెలా? ఇది మంచి ప్రశ్న. అక్కడ హైడ్రోజన్ రాదు. నైట్రిక్ ఆమ్లంలోని నైట్రేట్ భాగమే రాగి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. గాఢ ఆమ్లమైతే గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్ పొగలు వస్తాయి, ఒక కాపర్‌కు నాలుగు ఆమ్ల అణువులు ఖర్చవుతాయి. సజల ఆమ్లమైతే ప్రధానంగా నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది, మూడు కాపర్లకు ఎనిమిది. పదార్థాలు అవే రెండు, సమీకరణాలు వేర్వేరు. ఏది రాయాలో గాఢత నిర్ణయిస్తుంది. అలాగే ఇనుము సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఫెర్రస్ క్లోరైడ్ (ఒక ఇనుముకు రెండు క్లోరిన్లు) ఇస్తుంది, క్లోరిన్ వాయువుతో వేడి చేస్తే ఫెర్రిక్ క్లోరైడ్ (ఒక ఇనుముకు మూడు క్లోరిన్లు) ఇస్తుంది. ఆమ్లంతో చర్యలో ఫెర్రిక్ అని రాసేయడం చాలా తరచుగా కనిపించే పొరపాటు.

రెండు లవణాల ద్రావణాలు కలిపినప్పుడు 'భాగస్వాములు మారతాయి' అని నేర్పిస్తారు. సిల్వర్ నైట్రేట్‌లో సోడియం క్లోరైడ్ కలిపితే పెరుగు విరిగినట్టు తెల్లటి సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం పడుతుంది. మరి సోడియం క్లోరైడ్‌లో పొటాషియం నైట్రేట్ కలిపితే? కాగితం మీద భాగస్వాములు మారతాయి, గాజు పాత్రలో ఏమీ మారదు. నాలుగు రకాల అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, నీళ్ళలో ముందు ఎలా విడివిడిగా తిరుగుతున్నాయో తర్వాత కూడా అలాగే తిరుగుతుంటాయి. చర్య జరిగిందని చెప్పాలంటే ఏదో ఒకటి ఆ గుంపులోంచి తప్పుకోవాలి. అవక్షేపంగా అడుగుకు చేరాలి, లేదా వాయువుగా పోవాలి, లేదా నీటి అణువుగా మారిపోవాలి. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు జరిగేది ఈ చివరిదే.

పదార్థం పక్కన ఘన, ద్రవ, వాయు, జలద్రావణం అని స్థితి రాయమనేది కూడా ఇందుకే. మార్కుల కోసం పెట్టిన అలంకారం కాదు. హైడ్రోజన్ క్లోరైడ్ పొడి వాయువుగా ఉంటే పొడి లిట్మస్ కాగితం రంగు మారదు. అదే నీళ్ళలో కరిగితే నీలి లిట్మస్ ఎర్రబడుతుంది.

పరమాణువులు సరిపోయినా చాలదు

ఆక్సీకరణం అంటే ఆక్సిజన్ కలవడం అని మొదట నేర్చుకుంటాం. అది తప్పు కాదు, ఇరుకైన నిర్వచనం. సోడియం క్లోరిన్‌లో మండుతుంది, అక్కడ ఆక్సిజన్ ఊసే లేదు, అయినా అది ఆక్సీకరణమే. ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం ఆక్సీకరణం, పొందడం క్షయకరణం. ఒకరు ఇవ్వకుండా ఇంకొకరు తీసుకోలేరు కాబట్టి రెండూ ఎప్పుడూ కలిసే జరుగుతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. అల్యూమినియం, కాపర్ అయాన్ కలిసి అల్యూమినియం అయాన్, కాపర్ అవుతాయని ఒక్కొక్కటి చొప్పున రాస్తే పరమాణువులు రెండు వైపులా సమానమే. ఆవేశం చూడండి. కాపర్ అయాన్ మీద 2 ధనావేశాలు, అల్యూమినియం అయాన్ మీద 3. ఎడమవైపు 2, కుడివైపు 3. ఒక ఎలక్ట్రాన్ ఎక్కడికో మాయమైనట్టు! అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, కాపర్ అయాన్ రెండు తీసుకుంటుంది. ఇచ్చేవీ తీసుకునేవీ సమానం కావాలంటే ఆరు దగ్గర కలవాలి. కాబట్టి రెండు అల్యూమినియంలకు మూడు కాపర్ అయాన్లు. జమాఖర్చులో పరమాణువులతో పాటు ఆవేశానికీ ఒక వరుస ఉందని గుర్తుంచుకుంటే ఈ పాఠం సగం వచ్చినట్టే.

వేడి వచ్చే చర్య తనంతట తానే ఎందుకు మొదలుకాదు?

ముందు ఒక అపోహ తీసేయాలి. బంధాలు తెగితే శక్తి బయటికి వస్తుందని చాలామంది రాస్తారు. నిజానికి బంధాన్ని తెంచడానికి ఎప్పుడూ శక్తి పెట్టాలి. కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి వస్తుంది. మన పాత నీటి సమీకరణంతోనే లెక్క చూద్దాం. ఒక మోల్ హైడ్రోజన్ బంధాలు తెంచడానికి సుమారు 436 కిలోజౌళ్ళు, ఆక్సిజన్‌కు 498. రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కాబట్టి మొత్తం పెట్టుబడి 1370. రెండు నీటి అణువుల్లో నాలుగు ఓ-హెచ్ బంధాలు ఏర్పడతాయి. ఒక్కోదానికి సరాసరి 463 చొప్పున 1852 తిరిగి వస్తుంది. తేడా 482 కిలోజౌళ్ళు, అదే బయటికి వచ్చే వేడి.

అంత లాభం ఉన్నా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపిన మిశ్రమం గది ఉష్ణోగ్రతలో నిశ్చలంగా పడి ఉంటుంది. ఒక నిప్పురవ్వ తగిలితే పేలిపోతుంది. లాభం చివర్లో వస్తుంది, పెట్టుబడి మొదట్లో కావాలి. ఆ తొలి ఖర్చునే ఉత్తేజన శక్తి అంటారు. రవ్వ కొన్ని అణువులకు ఆ ఖర్చు ఇస్తుంది, వాటినుంచి వచ్చిన వేడి పక్కవాటికి ఇస్తుంది, అలా అంటుకుంటూ పోతుంది. ఉత్ప్రేరకం తక్కువ ఖర్చుతో వెళ్ళే ఇంకో దారి చూపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు నల్లటి మాంగనీస్ డయాక్సైడ్ వేస్తే ఆక్సిజన్ బుసబుసా పొంగుతుంది. చివరికి ఆ నల్లపొడి బరువు మొదట ఎంతో అంతే. అది ఖర్చు కాలేదు కాబట్టి జమాఖర్చులో దానికి చోటు లేదు, బాణం పైన మాత్రమే రాస్తాం.

రెండు వైపులా తిరిగిన బాణం గురించి కూడా ఒక మాట. నైట్రోజన్, మూడు హైడ్రోజన్లు కలిసి రెండు అమ్మోనియాలు అవుతాయి, అదే సమయంలో అమ్మోనియా మళ్ళీ విడిపోతూ ఉంటుంది. రెండు వేగాలూ సమానమైనప్పుడు బయటికి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది, లోపల రెండూ ఆగకుండా సాగుతుంటాయి. ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చేసి చూపించిన ఈ చర్య 1913లో జర్మనీలోని ఒప్పావు కర్మాగారంలో పెద్ద ఎత్తున మొదలైంది. ఒక వరుసలో పట్టే ఆ సమీకరణాన్ని ఫ్యాక్టరీగా మార్చాలంటే 400 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, 200 వాతావరణాల స్థాయి పీడనం, ఇనుప ఉత్ప్రేరకం కావాల్సి వచ్చాయి.

అందరికీ తెలిసిన సమీకరణంలో దాగిన సంగతి

కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాని విద్యార్థి ఉండరు. ఆరు కార్బన్ డయాక్సైడ్లు, ఆరు నీళ్ళు కలిసి ఒక గ్లూకోజ్, ఆరు ఆక్సిజన్లు. తుల్యం చేసినదే, తప్పు లేదు. మరి మొక్క విడిచే ఆ ఆక్సిజన్ దేన్లోంచి వచ్చింది? కార్బన్ డయాక్సైడ్‌లోంచి అని చాలామంది వెంటనే చెబుతారు. సమీకరణం చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వారి సహచరులు మామూలు ఆక్సిజన్ కన్నా బరువైన ఆక్సిజన్-18 కలిసిన నీటిని శైవలాలకు ఇచ్చి చూశారు. వెలువడిన వాయువులో ఆ బరువైన ఆక్సిజన్ కనిపించింది. నీటికి బదులు కార్బన్ డయాక్సైడ్ వైపు దాన్ని చేర్చినప్పుడు అలా జరగలేదు. ఆక్సిజన్ వస్తున్నది నీటినుంచి.

ఇప్పుడు పుస్తకంలోని సమీకరణాన్ని మళ్ళీ లెక్కపెట్టండి. కుడివైపు ఆరు ఆక్సిజన్ అణువులంటే పన్నెండు పరమాణువులు. ఎడమవైపు ఆరు నీటి అణువుల్లో ఉన్నవి ఆరే. అన్నీ నీటినుంచే రావాలంటే నీళ్ళు పన్నెండు ఉండాలి. నిజంగానే పన్నెండు లోపలికి వెళతాయి, ఆరు కొత్త నీటి అణువులు బయటికి వస్తాయి. ఆ కొత్త నీటిలోని ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. రెండు వైపులా ఉన్న నీటిలోంచి ఆరారు కొట్టేసి, మిగిలిన ఆరింటిని మాత్రమే మనం రాసుకుంటున్నాం.